అమ్మ మరిచిపోతోంది, యాంటీఆక్సిడెంట్ మాత్రలు కొనమంటారా?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. పద్నాలుగేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నేనూ మావారూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తాం. మూడేళ్ల కిందట నాన్న పోయాక అమ్మను ఇక్కడికి తెచ్చేసుకున్నాను. ఆమెకు 69 ఏళ్లు. ఊళ్లో ఉన్నప్పుడు పాల లెక్క, చాకలి లెక్క, చీటీ డబ్బులు అన్నీ నోటిమీదే చెప్పేది. ఏడాదిగా మరుపు మొదలైంది. తెలిసినవాళ్ల పేర్లు చప్పున నోటికి రావడం లేదంటుంది. చెప్పిందే మళ్లీ చెబుతోంది. రెండుసార్లు స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోయింది, గిన్నె మాడిపోయింది. భయం వేసి వంటమనిషిని పెట్టుకున్నాను, అమ్మను వంటింట్లోకి రావద్దన్నాను. సరుకులు, కూరగాయలు ఫోన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వచ్చేస్తాయి కాబట్టి ఆమెకు ఏ శ్రమా లేదు. టీవీ చూస్తూ కూర్చుంటుంది, అదీ పక్క ఫ్లాట్‌కు వినపడేంత సౌండ్‌తో. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంది. పొద్దున్నే గ్యాస్ మాత్ర ఒకటి. ఇక్కడి చలికి, దుమ్ముకి ముక్కు కారుతుందని రాత్రిపూట జలుబు మాత్ర మామూలే. నాన్న పోయినప్పటి నుంచి చేప, గుడ్డు మానేసింది. మేం ఆఫీసులో ఉన్నప్పుడు మధ్యాహ్నం పెరుగన్నం, ఆవకాయతో సరిపెట్టుకుంటుంది.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ మెదడుకు మంచిదని యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ ఇస్తానంటున్నారు. విటమిన్ ఇ, బీటా కెరోటిన్, సెలీనియం, ద్రాక్షగింజల సారం ఉంటాయట. నెలకు 3,600 రూపాయలు. మావారు "వయసు మీద పడితే మరుపు రాదా" అంటున్నారు. నాకేమో ఒకటే టెన్షన్. కొనమంటారా, లేక తిండిలోనే ఇవ్వొచ్చా? ఇంకో చిన్న సందేహం: రోజూ పది బాదంగింజలు నానబెట్టి ఇస్తున్నాను, పొట్టు తీయాలా, వద్దా?

ఒక కూతురు, బెంగళూరు

జవాబు: అడిగినదానికి ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ క్యాప్సూల్స్ కొనకండి. నెలకు 3,600 అంటే ఏడాదికి 43,200 రూపాయలు. ఆ డబ్బుతో అమ్మకు చేయించాల్సిన పనులు వేరే ఉన్నాయి. అవేమిటో మీ ఉత్తరంలోనే ఉంది, మీరు మాటవరసకు రాసిన వాక్యాల్లో. అక్కడికి వస్తాను. ముందు ఈ యాంటీఆక్సిడెంట్ల సంగతి చూద్దాం. క్యాప్సూల్స్ ఇస్తానంటున్న ఆవిడ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, మనల్ని తికమకపెట్టేది ఆ సగమే.

వంకాయ కోసి ఉప్పునీళ్లలో వేయకుండా వదిలేస్తే కాసేపటికే ముక్కలు నల్లబడతాయి. పండక్కి చేసిన పప్పుచెక్కలు నెల దాటితే నూనె కంపు కొడతాయి. రెండిటికీ కారణం గాలిలోని ఆక్సిజనే. మన ఒంట్లోనూ ఇలాంటిదే జరుగుతుంది. తిన్న అన్నాన్ని శక్తిగా మార్చుకునేటప్పుడు ప్రతి కణంలోనూ నిలకడలేని అణువులు కొన్ని పుడతాయి. వాటినే ఫ్రీ రాడికల్స్ అంటారు. పక్కనున్న కొవ్వును, ప్రొటీన్లను, చివరికి డీఎన్‌ఏను కూడా అవి దెబ్బతీస్తాయి. మెదడుకు ఈ బెడద ఎక్కువ. ఒంటి బరువులో మెదడు వంతు వందకు రెండు పాళ్లే, కానీ ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో సుమారు ఐదో వంతు దానికే కావాలి. పైగా నీటిని తీసేసి చూస్తే మెదడులో సగానికి పైగా కొవ్వే. పప్పుచెక్కల్లోని నూనెకు పట్టిన గతే దానికీ పట్టవచ్చు. వయసు పెరిగేకొద్దీ ఈ దెబ్బలు పేరుకుంటాయి, సరిదిద్దుకునే శక్తి తగ్గుతుంది. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల మెదడులో ఇలాంటి నష్టం ఎక్కువగా కనిపిస్తుంది కూడా.

ఈ ఫ్రీ రాడికల్స్‌ను అణచి ఉంచేవే యాంటీఆక్సిడెంట్లు. కొన్నిటిని ఒళ్లే తయారుచేసుకుంటుంది. మిగతావి తిండి నుంచి రావాలి. ఉసిరి, జామ, నిమ్మల్లోని విటమిన్ సి, వేరుశనగ, బాదం, నూనెగింజల్లోని విటమిన్ ఇ, మునగాకు, తోటకూర, గుమ్మడి, మామిడిపండులోని బీటా కెరోటిన్, ఇంకా పళ్లకు ఊదా రంగునీ నేరేడు పండుకు ఆ వగరునీ ఇచ్చే పాలీఫినాల్స్ అనే పదార్థాలు. ఇంతవరకూ అంతా నిజమే.

అలాంటప్పుడు ఆ పదార్థాలనే మాత్రగా మింగితే సరిపోతుంది కదా? డాక్టర్లకూ ఇదే ఆలోచన వచ్చింది. వేలమంది మీద ఏళ్ల తరబడి పరీక్షించి చూశారు. మరుపు మొదలై, ఇంకా డిమెన్షియా, అంటే రోజువారీ పనులకు అడ్డుపడేంత మతిమరుపు, దాకా వెళ్లని 769 మందితో అమెరికా, కెనడాల్లో మూడేళ్లపాటు చేసిన పరీక్ష ఫలితం 2005లో వచ్చింది. రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ ఇ వేసుకున్నవాళ్లకూ, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ మధ్య అల్జీమర్స్ రావడంలో తేడా ఏమీ కనబడలేదు. విటమిన్ ఇ, సెలీనియం విడివిడిగానూ కలిపీ 7,500 మందికి పైగా పెద్దవయసు మగవాళ్లకు ఇచ్చి చూసిన ఫలితం 2017లో వచ్చింది. అందులోనూ డిమెన్షియా ఆగలేదు. మీకు చూపిస్తున్న డబ్బాలో ముఖ్యమైనవి ఈ రెండే.

పోనీ, పని చేయకపోయినా చెడు చేయదు కదా అనుకుందామా? ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగే 29 వేల మందికి పైగా మగవాళ్లతో చేసిన పరీక్షలో బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. అది 1994 సంగతి. రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ వేసుకున్న మగవాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తేలింది. మీ అమ్మగారికి ఈ రెండూ వర్తించవు, నిజమే. కానీ "విటమినే కదా, ఎక్కువైతే పోయేదేముంది" అనే మాట తప్పని తెలియడానికి ఇవి చాలు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు విటమిన్ ఇ పెద్ద మోతాదులో వేసుకుంటే రక్తస్రావం ప్రమాదం కూడా ఉంది.

రెండో వైపు కూడా చెప్పాలి. అల్జీమర్స్ ఇప్పటికే ఉన్న 613 మందికి విటమిన్ ఇ ఇస్తే స్నానం, బట్టలు కట్టుకోవడం లాంటి రోజువారీ పనుల్లో వెనకబడటం కొంత నెమ్మదించిందని 2014లో వచ్చింది. జ్ఞాపకశక్తి మాత్రం మెరుగుపడలేదు. అరవై దాటినవాళ్లకు మామూలు మల్టీవిటమిన్ మాత్ర ఇస్తే జ్ఞాపకశక్తి కొద్దిగా మెరుగుపడిందని ఈమధ్య అమెరికా పరీక్షల్లో కనబడింది. అవన్నీ డాక్టర్ చూసి నిర్ణయించాల్సిన సంగతులు. అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర తేల్చుకునేవి కావు.

మరి తిండిలో మేలు చేసేది మాత్రలోకి ఎక్కగానే ఎందుకు తేలిపోతుంది? ఆకుకూరలో ఇవి ఒంటరిగా ఉండవు. విటమిన్ ఇ ఒక ఫ్రీ రాడికల్‌ను అణచి తాను నీరసించిపోతే, దాన్ని మళ్లీ పనిలోకి తెచ్చేది విటమిన్ సి. వాటితో పాటు ఫోలేట్, మెగ్నీషియం, పీచు, ఇంకా వందల రకాల పదార్థాలుంటాయి. ఒక్కదాన్ని విడదీసి, గుప్పెడు గింజల్లో ఉండేదానికి ఎన్నో రెట్లు పోసినంత మాత్రాన ఆ పొందిక రాదు. ఇంకో సంగతి, ఫ్రీ రాడికల్స్ పూర్తిగా శత్రువులు కూడా కాదు. సూక్ష్మజీవులతో పోరాడటానికి, కణాలు ఒకదానికొకటి కబురు చెప్పుకోవడానికి ఒళ్లు వాటిని వాడుకుంటుంది. అన్నిటినీ తుడిచిపెట్టేయాలనుకోవడమే పొరపాటు.

తిండి విషయంలో నాకు ఆశ కలిగించే పరిశీలన షికాగోది. సగటున 81 ఏళ్ల వయసున్న 960 మందిని దాదాపు ఐదేళ్లు చూశారు. రోజుకు ఒకసారైనా ఆకుకూర తినేవాళ్లకు, అసలు తిననివాళ్లకు మధ్య జ్ఞాపకశక్తి తగ్గడంలో తేడా 11 ఏళ్ల వయసు తేడాతో సమానంగా ఉందని 2018లో ప్రకటించారు. అయితే ఆకుకూరలు తినేవాళ్లు నడక, నిద్ర లాంటి మిగతా జాగ్రత్తలు కూడా తీసుకుంటూ ఉండవచ్చు కాబట్టి మేలంతా ఆకుకూరదే అనలేం. ఆకుకూరలు, బెర్రీ పళ్లు, గింజలు ఎక్కువగా ఉండే ఆహారాన్ని 604 మందితో మూడేళ్లు పరీక్షించిన ఫలితం 2023లో వచ్చింది. మామూలు ఆహారాన్నే కాస్త తగ్గించి తిన్న రెండో గుంపుకూ వీళ్లకూ పెద్ద తేడా కనబడలేదు. ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ల వాళ్లు 1,260 మందితో ఇంకో పరీక్ష చేశారు. మంచి తిండి, వ్యాయామం, మెదడుకు పని, బీపీ షుగర్ల మీద అదుపు, అన్నీ కలిపి రెండేళ్లు చేయించారు. అక్కడ మెదడు పనితీరు నిజంగా మెరుగ్గా ఉంది. 2015లో వచ్చిన ఈ ఫలితమే మీ ఇంటికి పనికొచ్చేదని నా నమ్మకం.

ఇప్పుడు మీ ఉత్తరంలోకి వద్దాం.

పన్నెండేళ్లుగా మెట్‌ఫార్మిన్, రోజూ గ్యాస్ మాత్ర, మూడేళ్లుగా చేప, గుడ్డు లేవు. ఈ మూడూ ఒకచోట కనబడగానే నాకు ముందు తట్టింది విటమిన్ బి12. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే పేగులు బి12ను సరిగా పీల్చుకోలేవు. గ్యాస్ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఆ ఆమ్లం లేకపోతే తిండిలోని బి12 విడివడదు. ఇక ఆకుకూరల్లో, పప్పుల్లో బి12 ఉండనే ఉండదు. పాలు, పెరుగు నుంచి వచ్చేది కొంచెమే. ఇది తగ్గితే మరుపు, చిరాకు, పాదాల్లో తిమ్మిర్లు, మంటలు, నడకలో తూలు వస్తాయి. యాంటీఆక్సిడెంట్ కాదు గనక మీ డబ్బా ఆవిడకు దీని ఊసే ఉండదు. అమ్మను పాదాల సంగతి అడగండి. మనం అడగందే వాళ్లు చెప్పరు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. డైటీషియన్‌గా ముప్పై ఏళ్లు వార్డుల్లో తిరిగినదాన్ని, మా అత్తగారి విషయంలో నేనే ఎనిమిది నెలలు పోగొట్టాను. మధ్యాహ్నం భోజనం చేసిన గంటకే "ఇవాళ అన్నం పెట్టవా అమ్మాయ్" అని అడిగేవారు. మేం అప్పుడు చూపించుకున్న డాక్టర్ ఐదు నిమిషాల్లో వయసని తేల్చేశారు, నేనూ సరేననుకున్నాను. ఒకరోజు ఆవిడ చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియక అలాగే నడుచుకుంటూ హాల్లోకి వచ్చారు. ఒక కాలికి చెప్పు, ఒక కాలు వట్టిది. అప్పుడు వెలిగింది నాకు. పరీక్ష చేయిస్తే బి12 140 ఉంది, 200 కంటే తక్కువంటేనే లోపం కింద లెక్క. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన నాలుగు నెలలకు మళ్లీ మనవడి చేత ఎక్కాలు చదివించారు. కాళ్ల తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు. ఆ ఎనిమిది నెలలు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. మీరు ఈ వారమే రక్తపరీక్ష చేయించండి. బి12తో పాటు థైరాయిడ్, సోడియం, హిమోగ్లోబిన్, మూడు నెలల షుగర్ సగటు కూడా చూడమనండి. షుగర్ మరీ పడిపోయినా మనిషి తికమకపడుతుంది. బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ మాత్ర ఒక్కటే మొదలుపెట్టకండి. రక్తహీనత తగ్గినట్టు కనబడి అసలు లోపం దాగిపోతుంది, నరాలకు జరిగే నష్టం లోపల జరిగిపోతూనే ఉంటుంది.

రెండోది ఆ రాత్రిపూట జలుబు మాత్ర. ముక్కు కారడం ఆపి మత్తు తెప్పించే పాతరకం మాత్రలు మెదడులో జ్ఞాపకశక్తికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనానికి అడ్డుపడతాయి. పెద్దవయసులో రోజూ వాడితే మరుపు, మగత, తూలు పెరుగుతాయి. ఆ మాత్ర అట్టను, ఇంకా అమ్మ వేసుకునే మాత్రలన్నిటినీ ఒక సంచిలో వేసి డాక్టర్ ముందు పెట్టండి. మత్తు లేని రకాలున్నాయి. బీపీ మాత్రలు గానీ షుగర్ మాత్రలు గానీ మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

మూడోది టీవీ సౌండ్. అది వినికిడి తగ్గిందనడానికి గుర్తు. సరిగా వినపడని మాట మెదడులో నిలవదు, నిలవనిదాన్ని మనం మరుపు అంటాం. లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024లో డిమెన్షియాకు దారితీసే 14 కారణాలు చెప్పింది. వాటిని సరిచేస్తే సుమారు 45 శాతం కేసులను తప్పించడమో వాయిదా వేయడమో చేయవచ్చంది. వినికిడి లోపం ఆ కారణాల్లో మొదటి వరసలో ఉంది. షుగర్, బీపీ, చెడు కొలెస్ట్రాల్, చూపు తగ్గడం, దిగులు, ఒంటరితనం అన్నీ అందులో ఉన్నాయి. చెవి డాక్టర్‌కు చూపించండి, గుబిలి అడ్డుపడినా సరే, మెషీన్ కావాలన్నా సరే. మీరు క్యాప్సూల్స్‌కు పెడదామనుకున్న డబ్బు ఇక్కడ పెట్టండి. కంట్లో శుక్లాలున్నాయేమో అదే వారంలో చూపించేయండి.

నాలుగోది దిగులు. నలభై ఏళ్ల పైచిలుకు కాపురం చేసిన మనిషి పోయాడు, ఊరు పోయింది, చేతిలోని పని పోయింది. ఇవన్నీ ఒకేసారి పోతే ఎవరికైనా మనసు మొద్దుబారుతుంది. పెద్దవాళ్లలో దిగులు చాలాసార్లు మరుపులాగే బయటపడుతుంది. ఆమెతో తెలుగులో మాట్లాడే మనిషి కావాలంటే 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు, ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య సేవ అది. పరీక్షలన్నీ అయ్యాక కూడా మరుపు పెరుగుతుంటే హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ ఆస్పత్రికి తీసుకెళ్లండి. అక్కడ ఇలాంటి సమస్యలకు ప్రత్యేక క్లినిక్ ఉంది. పేరు చప్పున గుర్తురాకపోవడం వయసుతో వచ్చేదే. తెలిసిన దారిలో దారి తప్పడం, డబ్బు లెక్క అందకపోవడం, పప్పులో తాలింపు ముందా ఉప్పు ముందా అని తడబడటం, నిమిషాల తేడాతో అదే ప్రశ్న వేయడం మొదలైతే ఆలస్యం చేయొద్దు. ఒక్కరోజులోనే ఉన్నట్టుండి అయోమయంలో పడితే మాత్రం మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, పక్షవాతం లాంటివి ఉండవచ్చు, వెంటనే ఆస్పత్రికి.

ఇక తిండి. ఇక్కడ నాకు చెప్పాలని చాలా ఉంది.

మధ్యాహ్నం పెరుగన్నం, ఆవకాయ. పెరుగు మంచిదే, అన్నం ఉంటే ఉండనివ్వండి, కానీ ఆకు లేదు, పప్పు లేదు, పండు లేదు. ఒక్కదానికి వండుకోవడం దేనికని మన అమ్మలంతా చేసే పనే ఇది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల ప్రకారం రోజుకు ఆకుకూరలు, కూరగాయలు కలిపి 400 గ్రాములు, పళ్లు 100 గ్రాములు ఉండాలి. మీ అమ్మగారి కంచంలో ఇందులో పావు వంతైనా ఉందా? మీరు విదేశీ బెర్రీల కోసం వెతకనక్కర్లేదు. జామకాయలో విటమిన్ సి కమలాపండుకు మూడు నాలుగు రెట్లు. ఉసిరి సంగతి చెప్పనే అక్కర్లేదు. షుగర్ ఉన్నా దోర జామకాయ ఒకటి తినవచ్చు. బెంగళూరు బ్లూ ద్రాక్ష అని మీ చుట్టుపక్కల పండే నల్లద్రాక్ష ఉంది చూశారూ, గింజలతో, మందపాటి తోలుతో పుల్లగా ఉంటుంది, ఆ తోలులోనే ఊదారంగు పాలీఫినాల్స్ ఉంటాయి. షుగర్ ఉంది కాబట్టి గుప్పెడు మించకుండా ఇవ్వండి. జూన్, జూలైల్లో నేరేడు. వంకాయ తొక్క తీయకండి. రాగి సంగటి వారానికి రెండుసార్లు చేయించండి, దాని పొట్టులోనూ ఇవే ఉంటాయి.

అన్నిటికంటే ముందు ఆకుకూర. బీటా కెరోటిన్ నూనెలో కలిస్తేనే ఒంటికి పడుతుంది కాబట్టి పోపు పెట్టిన తోటకూర పులుసు, మునగాకు పప్పు ఉడకబెట్టిన ఆకు కంటే మేలు. విటమిన్ సి వేడికి పోతుంది, అందుకే నిమ్మకాయ స్టవ్ కట్టేశాకే పిండాలి. ఆకు కడిగాక తరగాలి, తరిగాక కడిగితే నీళ్లతో పోతుంది. కంద బచ్చలి, గోంగూర పప్పు, పొన్నగంటి కూర, మెంతికూర పప్పు, రోజుకొకటి తిప్పితే విసుగు రాదు. కరివేపాకు ఏరి పక్కన పెట్టకుండా పొడి చేసుకుని మొదటి ముద్దలో కలుపుకోమనండి. ఆవకాయ తగ్గించండి, అందులో ఉప్పు ఎక్కువ. కిడ్నీ సమస్య ఉన్నా, రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటి మందు వాడుతున్నా ఆకుకూరల మోతాదు డాక్టర్‌ను అడిగి పెట్టుకోవాలి.

ఈ ఆకుకూరను మాత్రం ఫోన్‌లో ఆర్డర్ పెట్టకండి. మీ వీధుల్లో పొద్దున్నే సొప్పు బండి, అంటే ఆకుకూరల బండి, వస్తుంది. తడి గోనెపట్టా కింద కట్టలు, వేళ్లకు ఇంకా ఎర్రమట్టి. అమ్మను పర్సుతో కిందికి పంపండి. తోటకూర కాడను గోటితో గిచ్చి, గోరు సులువుగా దిగిందో లేదో చూసి లేతదా ముదురుదా చెప్పేస్తుంది ఆవిడ. ఆ విద్య ఇన్నాళ్లూ ఖాళీగా కూర్చుంది. తోటకూరను కన్నడంలో దంటిన సొప్పు అంటారు, బచ్చలిని బసళె, మునగాకును నుగ్గె సొప్పు, పొన్నగంటిని హొనగొన్నె, మెంతికూరను మెంత్య సొప్పు. "ఒందు కట్టు ఎష్టు?" అని అడిగితే చాలు, కట్ట మన కట్టే. రెండు రోజుల్లో బండివాడితో బేరం మొదలవుతుంది. వెళ్లిరావడమే నడక, చిల్లర లెక్కే లెక్క, కొత్త పేర్లే చదువు. మన లిపికి కన్నడ లిపి దగ్గరే కాబట్టి నెల తిరిగేసరికి బస్సు బోర్డులు చదువుతుంది, చూడండి.

హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి బయటపెట్టింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురానివాళ్లలోనూ అంతే. తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడే మన మనుషులే వాళ్లంతా. జీవితమంతా రెండు భాషలు వాడినవాళ్ల లెక్క అది. 69 ఏళ్లకు నేర్చుకుంటే అంత ఫలితం ఉంటుందని మాట ఇవ్వలేను. కానీ కొత్త మాట నేర్చుకోవడానికి మెదడు పడే శ్రమ మెదడుకు మంచిదే. కోలారు జిల్లా శ్రీనివాసపుర ప్రాంతంలో, ఇళ్లల్లో తెలుగు వినపడే ఊళ్లలోనే, 45 దాటిన పల్లెజనం మెదడు వయసుతో ఎలా మారుతోందో బెంగళూరులోని విజ్ఞాన సంస్థ ఐఐఎస్‌సీ ఆవరణలోని మెదడు పరిశోధన కేంద్రం ఏళ్ల తరబడి చూస్తోంది. మనవాళ్ల తిండి, మన బతుకు తీరు మీద రేపు వచ్చే జవాబులు అక్కడి నుంచి రావాలని నేను ఎదురుచూస్తున్నాను.

వంటింట్లోకి రావద్దన్నారని రాశారు. మీ భయం నాకు అర్థమైంది, మాడిన గిన్నె చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ ఆ మాట వెనక్కి తీసుకోండి. నాలుగు పొయ్యిల మీద నాలుగు పనులు, దేనికెంత సేపు, ఏది ముందు, వాసనను బట్టి మంట తగ్గించడం, వాటిని మించిన మెదడు పని ఇంట్లో ఇంకొకటి లేదు. స్టవ్ బదులు ఆమెకు టైమర్ పెట్టుకుంటే దానంతట అది ఆగిపోయే ఇండక్షన్ పొయ్యి ఒకటి ఇవ్వండి. పాలు కాచే పని వంటమనిషికి వదిలేయండి. మొదట్లో మీరో, వంటమనిషో పక్కన ఉండండి. ఆకు వలవడం, పచ్చడి నూరడం, ఉప్పు చూడటం ఆమెవే. మునగాకు దూయడం విసుగనిపిస్తే రెమ్మలను పాత గుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచండి, పొద్దున దులిపితే ఆకంతా రాలిపోతుంది. ఈ చిట్కా మీ అమ్మగారికి నాకంటే బాగా తెలిసే ఉంటుంది, ఆమెనే అడగండి. సరుకుల చీటీ కూడా ఆమె చేతే రాయించండి.

మీవారికి ఒక మాట. మరుపు వయసుతో రావచ్చు, ఆయన తప్పేం అనలేదు. రక్తపరీక్ష, చెవి పరీక్ష అయ్యాక కూడా అదే మాట నిలిస్తే నేనూ ఒప్పుకుంటాను.

బాదం సంగతి. పొట్టులో కూడా పాలీఫినాల్స్ ఉన్నాయి, నమలగలిగితే తీయక్కర్లేదు. పళ్లు కదులుతున్నా, పొట్టు నోటికి అడ్డం పడుతున్నా తీసేయండి, పెద్ద నష్టం లేదు. పది గింజల్లో విటమిన్ ఇ రెండున్నర, మూడు మిల్లీగ్రాములుంటుంది. మందుల షాపులో దొరికే 400 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఒక్కటి అంటే వెయ్యికి పైగా గింజలన్నమాట. బాదం ఖరీదు ఎక్కువనిపిస్తే గుప్పెడు వేయించిన వేరుశనగపప్పు ఇవ్వండి, అందులోనూ విటమిన్ ఇ ఉంది, తెనాలి మనిషికి నోటికీ హితవుగా ఉంటుంది. బి12 రిపోర్టు రాగానే అంకె నాకు రాసి పంపండి.